తొమ్మిది మార్కుల బడా, ఐదు మార్కుల బడా?

ప్రశ్న: నమస్కారం. మేము టెక్సాస్‌లో ఉంటున్నాము. మా అమ్మాయి ఇప్పుడు ఐదో తరగతి చదువుతోంది, వచ్చే ఆగస్టులో మిడిల్ స్కూల్‌లో చేరుతుంది. మాకు దగ్గరలో ఒకే స్కూల్ డిస్ట్రిక్ట్ కింద మూడు పబ్లిక్ మిడిల్ స్కూళ్లు ఉన్నాయి. ఇళ్లు అమ్మే వెబ్‌సైట్లలో వాటికి పదికి 9, 7, 5 అని రేటింగులు కనిపిస్తున్నాయి. మేము అద్దెకు ఉంటున్న ఇల్లు 5 వచ్చిన స్కూలు పరిధిలో ఉంది, అంటే చిరునామాను బట్టి మా అమ్మాయికి వచ్చేది ఆ స్కూలే. తెలిసినవాళ్లంతా వెంటనే 9 వచ్చిన స్కూలు పరిధిలో ఇల్లు కొనమంటున్నారు. అంత అప్పు మోయలేమని మావారు అంటున్నారు. డబ్బు చూసుకుని పిల్ల చదువు పాడు చేస్తున్నామేమోనని నాకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఆ అంకెలను ఎంతవరకు నమ్మవచ్చు? మూడు స్కూళ్లను సరిగ్గా పోల్చుకోవడం ఎలా?
— ఒక తల్లి, టెక్సాస్

జవాబు: అమ్మా, నేను చాలా ఏళ్లు ఇటువంటి బడుల్లోనే లెక్కలు చెప్పాను కాబట్టి మీ ఆందోళన నాకు కొత్తది కాదు. ముందుగా ఒక మాట చెప్పనివ్వండి. 5 వచ్చిన స్కూల్లో చేరినంత మాత్రాన మీ పిల్ల చదువు పాడైపోదు, 9 వచ్చిన స్కూల్లో చేరినంత మాత్రాన దానంతటదే బాగుపడదు. ఆ అంకెల్లో అబద్ధం లేదు, కానీ మీరు అడుగుతున్న ప్రశ్నకు అవి చెబుతున్న సమాధానం వేరు. ఆ స్కూల్లో ఎటువంటి పిల్లలు చదువుతున్నారన్నది వాటి నుంచి ఎక్కువగా తెలుస్తుంది, ఆ స్కూలు పిల్లలకు ఎంత నేర్పుతోందన్నది తక్కువగా తెలుస్తుంది.

ఇది నా సొంత అభిప్రాయం మాత్రమే కాదు. అమెరికా ప్రభుత్వం కోసం సామాజిక శాస్త్రవేత్త జేమ్స్ కోల్‌మన్ బృందం సుమారు 6 లక్షల మంది విద్యార్థులను పరిశీలించి 1966లో ఒక నివేదిక ఇచ్చింది. పిల్లల మార్కుల్లో కనిపించే తేడాలకు బడి వసతుల కంటే ఇంటి పరిస్థితులతోనే ఎక్కువ సంబంధం ఉందని అందులో తేలింది. బడి వల్ల ప్రయోజనం లేదని చాలామంది దానికి అర్థం చెప్పుకున్నారు గాని అది సరైన అర్థం కాదు. తల్లిదండ్రుల చదువు, ఆదాయం, ఇంట్లో ఉండే పుస్తకాలు, ఏడాది మధ్యలో ఇల్లు మారవలసి రావడం వంటివన్నీ పిల్ల బడి గడప తొక్కకముందే మార్కుల్లోకి చేరిపోతాయి కాబట్టి, ఒక్క పరీక్షలో వచ్చిన సగటును చూసి ఇది బడి గొప్పతనమని తేల్చలేమన్నదే దాని నుంచి మనం తీసుకోవలసిన పాఠం.

సగటు మనల్ని ఎలా తప్పుదారి పట్టిస్తుందో ఒక చిన్న లెక్కలో చూడండి. ఇవి నిజమైన స్కూళ్ల అంకెలు కావు, కేవలం ఉదాహరణ కోసం అనుకున్నవి. మొదటి స్కూల్లో ఎనిమిదో తరగతిలో 300 మంది ఉన్నారనుకుందాం. వారిలో 240 మంది కలిగిన కుటుంబాల పిల్లలు, 60 మంది తక్కువ ఆదాయం గల కుటుంబాల పిల్లలు. మొదటి వర్గంలో 85 శాతం, రెండో వర్గంలో 45 శాతం పాసైతే 204, 27 కలిపి 231 మంది, అంటే 77 శాతం. రెండో స్కూల్లోనూ 300 మందే ఉన్నారు గాని కలిగినవారి పిల్లలు 100 మంది, తక్కువ ఆదాయం గలవారి పిల్లలు 200 మంది. అక్కడ మొదటి వర్గంలో 90 శాతం, రెండో వర్గంలో 55 శాతం పాసయ్యారు. 90, 110 కలిపితే 200 మంది, అంటే 67 శాతం లోపే. పైకి చూస్తే మొదటి స్కూలు 10 శాతం ముందుంది. కానీ కలిగినవారి పిల్లలకైనా, లేనివారి పిల్లలకైనా రెండో స్కూలే మెరుగ్గా చెప్పింది. అందరినీ ఒకే గాటన కట్టి సగటు తీస్తే బాగా చెప్పిన స్కూలే వెనకబడినట్లు కనిపించడం ఇలాగే జరుగుతుంది. మీ ఇంటి పిల్ల ఏ వర్గంలోకి వస్తుందో చూసుకుని ఆ వరుసలోని అంకెను మూడు స్కూళ్లలోనూ పక్కపక్కన పెట్టుకుంటే, 9కీ 5కీ మధ్య కనిపించిన దూరం ఎంతో కొంత తగ్గిపోవడం మీరే గమనిస్తారు.

ఆ వరుసలు ఎక్కడ దొరుకుతాయన్నది తర్వాతి ప్రశ్న. 2002 జనవరిలో సంతకమైన నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్ చట్టం 3 నుంచి 8 వరకు ప్రతి తరగతిలోనూ ఏటా చదవడంలో, లెక్కల్లో పరీక్ష పెట్టాలనీ, ఫలితాలను జాతి, ఆదాయం, వైకల్యం, ఇంగ్లీషు నేర్చుకుంటున్న స్థితి వంటి వర్గాల వారీగా విడదీసి ప్రకటించాలనీ నిర్దేశించింది. 2015 డిసెంబరులో దాని స్థానంలో వచ్చిన ఎవ్రీ స్టూడెంట్ సక్సీడ్స్ చట్టం ఫలితాలు రాని బడులపై శిక్షల భాగాన్ని సడలించినా ఈ విడదీసి చూపే పద్ధతిని అలాగే ఉంచింది. ఆ చట్టాలపై ఎన్ని విమర్శలున్నా, తల్లిదండ్రుల చేతికి ఈ వరుసలు రావడం వాటివల్లే సాధ్యమైంది. మీ రాష్ట్రంలో విద్యాశాఖ ప్రతి స్కూలుకూ టెక్సాస్ అకడమిక్ పెర్ఫార్మెన్స్ రిపోర్ట్ అనే నివేదికను ఏటా ప్రచురిస్తుంది. అందరూ దాన్ని టేపర్ అంటారు. చూడగానే బెదరగొట్టేటన్ని పట్టికలు ఉంటాయి గాని, మీకు కావలసినవి కొన్నే.

ముందుగా ఏ గీతను చూస్తున్నారో గమనించండి. టెక్సాస్ రాష్ట్ర పరీక్ష స్టార్‌లో నాలుగు స్థాయిలు ఉన్నాయి: డిడ్ నాట్ మీట్, అప్రోచెస్, మీట్స్, మాస్టర్స్. వీటిలో ‘అప్రోచెస్’ దాటితే పాసైనట్లే లెక్క. కానీ ఆ మాటకు అర్థం తరగతి స్థాయికి దగ్గరగా వస్తున్నాడనే తప్ప చేరుకున్నాడని కాదు. తరగతికి తగిన చదువు నిజంగా వంటబట్టిందా అని తెలుసుకోవాలంటే ‘మీట్స్’ వరుసను చూడాలి. ఒక స్కూలు గొప్పగా చెప్పుకునే అంకె ‘అప్రోచెస్’దీ, మరో స్కూలు గురించి ఎవరో మీకు చెప్పిన అంకె ‘మీట్స్’దీ అయితే ఆ రెండింటినీ పోల్చడం వృథా. మీ స్నేహితులు చెప్పే శాతాల్లో ఈ గందరగోళం తరచుగా ఉంటుంది.

రెండోది ఎదుగుదల. నన్నడిగితే మిడిల్ స్కూలు విషయంలో మిగిలిన వాటన్నిటికంటే దీనికే పెద్దపీట వేయాలి. ఆరో తరగతిలో చేరేటప్పటికి పిల్ల ఏ స్థాయిలో ఉందో అది ప్రాథమిక పాఠశాలదీ ఇంటిదీ కలిసిన ఫలితం. అక్కడి నుంచి ఎనిమిదో తరగతి పూర్తయ్యేసరికి ఎక్కడికి చేరిందన్నదే ఈ స్కూలు పని. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో షాన్ రియర్డన్ దేశంలోని వేలాది డిస్ట్రిక్టుల పరీక్ష ఫలితాలను ఒకే కొలమానంలోకి తెచ్చి పరిశీలించారు. షికాగో పబ్లిక్ స్కూళ్ల విద్యార్థులు మూడో తరగతిలో దేశ సగటు కంటే బాగా వెనకబడి ఉన్నా, ఎనిమిదో తరగతికి వచ్చేసరికి ఐదేళ్ల కాలంలో ఆరేళ్లకు సమానమైన చదువును అందుకున్నారని 2017లో ఆయన ప్రకటించారు. సగటు మార్కులను మాత్రమే చూసినవారు ఆ నగరపు బడులను తీసిపారేస్తూ ఉండిన కాలంలోనే వాటిలో అంత పని జరుగుతూ ఉంది. సగటు స్థాయి ఎంత ఉందన్నదానికీ, ఏటా ఎంత నేర్చుకుంటున్నారన్నదానికీ మధ్య సంబంధం మనం అనుకున్నంత గట్టిది కాదని ఆయన గణాంకాలు దేశం మొత్తం మీద చూపించాయి.

టెక్సాస్ స్కూళ్లకు ఇచ్చే ఎ నుంచి ఎఫ్ వరకు గ్రేడుల్లో ఈ ఎదుగుదలకు చోటుంది గాని, అది ఎక్కడ దాగి ఉందో తెలిసినవారికే కనిపిస్తుంది. ఆ గ్రేడు మూడు భాగాల నుంచి వస్తుంది. విద్యార్థుల స్థాయి ఒకటి, స్కూలు పురోగతి రెండోది, వర్గాల మధ్య అంతరాలను తగ్గించడం మూడోది. మొదటి రెండింటిలో ఏది ఎక్కువైతే దానికి 70 శాతం, మూడోదానికి 30 శాతం ప్రాధాన్యం ఇచ్చి మొత్తం గ్రేడు కడతారు. ఏది ఎక్కువైతే అది అన్న మాట దగ్గర కాస్త ఆగండి. పిల్లలు ఇంటి నుంచే బాగా తయారై వచ్చే స్కూలు కేవలం స్థాయి బలంతోనే ‘ఎ’ తెచ్చుకోగలదు. పురోగతిలో దానికి ‘సి’ వచ్చినా ఆ మొత్తం గ్రేడులో మీకు కనిపించదు. కాబట్టి మొత్తం గ్రేడును పక్కన పెట్టి, పురోగతి భాగాన్ని విడిగా తెరవండి. అందులో మళ్లీ రెండు ముక్కలు ఉంటాయి. గత ఏడాది పరీక్షతో పోలిస్తే అదే విద్యార్థి ఈ ఏడాది ఏ స్థాయికి వచ్చాడన్నది మొదటి ముక్క. ఆర్థికంగా వెనకబడిన పిల్లలు దాదాపు అంతే శాతం ఉన్న ఇతర స్కూళ్లతో పోలిస్తే ఈ స్కూలు ఎలా ఉందన్నది రెండో ముక్క. మీ మూడు స్కూళ్లకూ ఈ రెండు అంకెలను ఒక కాగితం మీద రాసుకుంటే మీ ప్రశ్నలో సగానికి జవాబు దొరికినట్లే.

ఇక లెక్కల గురించి. ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. నేను పనిచేసిన ఒక బడిలో ఒక ఏడాది ఎనిమిదో తరగతి లెక్కల ఫలితం ఉన్నట్టుండి పడిపోయింది. తల్లిదండ్రుల సమావేశంలో హాలు నిండిపోయింది. ఒక తండ్రి ముద్రించిన కాగితాన్ని పైకెత్తి చూపుతూ ఒక్క ఏడాదిలో ఇంత పతనమా అని నిలదీశారు. నిజానికి ఆ ఏడాది మేము మునుపటి కంటే చాలా ఎక్కువ మంది పిల్లలను ఎనిమిదిలోనే ఆల్జీబ్రా 1 తరగతిలో కూర్చోబెట్టాము. ఆల్జీబ్రా చదివే పిల్లలు ఎనిమిదో తరగతి లెక్కల పరీక్షకు బదులు ఆల్జీబ్రా ఎండ్ ఆఫ్ కోర్స్ పరీక్ష రాస్తారు, కాబట్టి వారి ఫలితం వేరే వరుసలో పడుతుంది. 200 మందిలో 160 మంది పాసయ్యే తరగతి అనుకోండి, అది 80 శాతం. అందులోని అందరికంటే గట్టివాళ్లు 80 మంది ఆల్జీబ్రాకు వెళ్లిపోతే మిగిలిన 120 మందిలో పాసయ్యేవారు 80 మంది, అంటే 67 శాతం. బడిలో ఒక్క పిల్లవాడి చదువూ తగ్గలేదు, అంకె మాత్రం 13 శాతం పడింది. ఆ తండ్రికి ఈ లెక్కను బోర్డు మీద వేసి చూపించాక ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని, మా అబ్బాయికి ఆల్జీబ్రా ఎందుకు ఇవ్వలేదని అడిగారు. అది అడగవలసిన ప్రశ్న.

మీరు కూడా అదే అడగండి. ఎనిమిదో తరగతిలో ఎంతమంది ఆల్జీబ్రా 1 రాశారు, వారిలో ఎంతమంది ‘మీట్స్’ దాటారు అన్న రెండు అంకెలూ కలిపి చూసినప్పుడే ఆ స్కూలు లెక్కల సంగతి తెలుస్తుంది. ఎనిమిదిలో ఆల్జీబ్రా పూర్తిచేసిన పిల్లకు హైస్కూల్లో కాలిక్యులస్ దాకా వెళ్లడానికి దారి తేలికవుతుంది కాబట్టి ఇది చిన్న విషయం కాదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో 2014లో ఎనిమిదో తరగతి ఆల్జీబ్రాను తీసివేస్తే తల్లిదండ్రులు ఏళ్ల తరబడి పోరాడారు. చివరకు 2024లో అక్కడి స్కూల్ బోర్డు దాన్ని తిరిగి తేవాలని నిర్ణయించింది. మీ రాష్ట్రంలో ఇందుకు భిన్నంగా, ఐదో తరగతి లెక్కల పరీక్షలో పైనున్న 40 శాతం పిల్లలను తల్లిదండ్రులు వద్దంటే తప్ప ఆరో తరగతిలో అడ్వాన్స్‌డ్ లెక్కల్లో స్కూళ్లే తామంతట తాము చేర్చాలని 2023లో చట్టం చేశారు. అది మీ 5 మార్కుల స్కూలుకు కూడా వర్తిస్తుంది. ఆ స్కూల్లో ఆ తరగతి ఎన్ని సెక్షన్లు నడుస్తోందో, ఎవరు చెబుతున్నారో కనుక్కోవడం మీ చేతిలో పని.

ఒక్క ఏడాది అంకె మీద ఏ నిర్ణయమూ తీసుకోవద్దని కూడా చెప్పాలి. తరగతికి 60 మందే ఉన్న చిన్న స్కూల్లో ఐదుగురి ఫలితం అటూ ఇటూ అయితే శాతం 8 దాకా మారిపోతుంది. నార్త్ కరోలినా ఫలితాలను పరిశీలించి థామస్ కేన్, డగ్లస్ స్టైగర్ 2002లో చూపించింది ఇదే. జాబితాలో పైవరుసలోనూ అడుగువరుసలోనూ చిన్న స్కూళ్లే ఎక్కువగా తేలతాయి. ఏటా స్థానాలు తారుమారు కావడంలో చాలా భాగం యాదృచ్ఛికమే. కనీసం మూడేళ్ల అంకెలు పక్కపక్కన పెట్టండి. మూడేళ్లూ ఒకే దిశలో వెళ్తుంటే దానికి అర్థం ఉంది. 2020 వసంతంలో కరోనా వల్ల పరీక్షలే జరగలేదనీ, 2023లో స్టార్ పరీక్ష రూపం మారిందనీ గుర్తుంచుకుని, ఆ గీతలకు ఇటువైపు అంకెలను అటువైపు వాటితో ముడిపెట్టకండి.

టేపర్‌లో పరీక్షలతో సంబంధం లేని కొన్ని వరుసలు కూడా ఉంటాయి. నా దృష్టిలో అవి ఎంతో విలువైనవి, కానీ ఎవరూ వాటి జోలికి పోరు. కొత్తగా చేరిన ఉపాధ్యాయుల శాతం ఎంత, ఐదేళ్లకు మించి అనుభవం ఉన్నవారెందరు అన్నది చూడండి. ఏటా మూడోవంతు మంది టీచర్లు కొత్తవాళ్లయ్యే స్కూల్లో ప్రిన్సిపాల్ ఎంత మంచివారైనా ఆగస్టులో పని మళ్లీ మొదటికొస్తుంది. పిల్లల రాకపోకల శాతం మరొకటి. విద్యాసంవత్సరంలో 83 శాతం కంటే తక్కువ కాలం ఆ స్కూల్లో ఉన్న పిల్లలను రాష్ట్రం ఆ లెక్కలోకి తీసుకుంటుంది. అది ఎక్కువగా ఉన్న స్కూల్లో టీచరు నడిమధ్యలో వచ్చిన పిల్లలకు మళ్లీ మొదటి నుంచి చెబుతూ ఉండవలసి వస్తుంది. హాజరు ఇంకొకటి. సంవత్సరంలో 10 శాతం, అంటే సుమారు 180 పనిదినాల్లో 18 రోజులు, లేదా అంతకంటే ఎక్కువ రాని పిల్లలను దీర్ఘకాలిక గైర్హాజరుగా లెక్కిస్తారు. కరోనాకు ముందు దేశవ్యాప్తంగా అది సుమారు 15 శాతం ఉండేది, 2021–22లో పావు వంతును మించిపోయింది. మీ మూడు స్కూళ్లలో ఆ గుంటలోంచి ఏది ముందుగా బయటపడిందో చూస్తే, పిల్లలు రాకపోతే ఇంటికి ఫోన్ చేసి కనుక్కునే మనుషులు ఏ స్కూల్లో ఉన్నారో అర్థమవుతుంది.

ఇంటి విషయానికి వస్తాను. బోస్టన్ శివార్లలో సరిహద్దుకు అటూ ఇటూ ఉన్న ఒకే రకం ఇళ్లను పోల్చి శాండ్రా బ్లాక్ 1999లో ఒక అధ్యయనం ప్రచురించారు. పరీక్ష మార్కులు 5 శాతం ఎక్కువగా ఉన్న ప్రాథమిక పాఠశాల పరిధిలోని ఇంటికి జనం 2.5 శాతం ఎక్కువ ధర ఇస్తున్నారని ఆమె కనుగొన్నారు. ఇక్కడ మనసు కష్టపడే సంగతి ఒకటుంది. ఆ అదనపు ధర పరీక్ష మార్కుల సగటుకు ఇస్తున్నది. ఆ సగటులో చాలా భాగం పక్కింటివాళ్ల ఆదాయమేనని పైన చెప్పుకున్నాం. మీవారు అప్పు గురించి చెప్పిన మాటను పిల్ల చదువుకు అడ్డు చెప్పిన మాటగా తీసుకోకండి. నెలనెలా వాయిదాకు సరిపోక తల్లిదండ్రులిద్దరూ రాత్రి దాకా పనిచేయవలసి వస్తే, పదకొండేళ్ల పిల్లకు ఇంట్లో దొరికే సమయమే ముందుగా తగ్గిపోతుంది.

అంకెలు చూశాక స్కూలుకు వెళ్లి రండి. ముందుగా ఫోన్ చేసి అడిగితే చాలా స్కూళ్లు చూడనిస్తాయి. అందంగా అలంకరించిన ముందు హాలును చూసి ఏమీ తేల్చకండి. పీరియడ్లు మారే సమయంలో వరండాలో నిలబడండి. ఆ నాలుగు నిమిషాల్లో పెద్దలు పిల్లలను పేరుతో పిలుస్తున్నారా, తలుపు దగ్గర నిలబడి పలకరిస్తున్నారా, లేక అరుస్తున్నారా అన్నది చూడండి. గోడ మీద పెట్టిన పిల్లల రాతల్లో టీచరు ఎర్ర సిరాతో రాసిన మాటలు చదవండి. ‘గుడ్ జాబ్’ అని మాత్రమే ఉందా, లేక ఈ వాదనకు రుజువు ఎక్కడ అని అడిగారా? లెక్కల్లో వెనకబడిన పిల్లకు బడి సమయంలోనే సాయం అందుతుందా, బడి అయ్యాకా అని అడగండి. బడి అయ్యాక అంటే బస్సు ఎక్కవలసిన పిల్లలకు అది అందనట్లే. పిల్లల సమస్యలు విని సలహా చెప్పే ఒక కౌన్సిలరుకు ఎంతమంది పిల్లలున్నారో అడగండి. 250 మందికి ఒకరు ఉండాలని అమెరికన్ స్కూల్ కౌన్సిలర్ అసోసియేషన్ సిఫారసు చేస్తుంది. ఈ వయసులో పిల్లలు ఇంట్లో చెప్పని మాటలు వినే మనిషి బడిలో ఒకరు ఉండడం ఎంత అవసరమో, ఆ వయసు పిల్లల మధ్య రోజంతా గడిపినవాడిగా నాకు తెలుసు.

ఇవన్నీ చూశాక కూడా మీ పరిధిలోని స్కూలు పురోగతిలో మూడేళ్లుగా వెనకబడి, టీచర్లు నిలవక, అడ్వాన్స్‌డ్ లెక్కలు పేరుకే ఉంటే, మారడం గురించి ఆలోచించడంలో తప్పు లేదు. అప్పుడు కూడా 9 వైపే పరిగెత్తనవసరం లేదు. 7 వచ్చిన స్కూలు పురోగతి ఎంతో చూశారా? చాలా సందర్భాల్లో మధ్యలో ఉన్న స్కూలును ఎవరూ చూడరు.

ప్రశ్న: మా అబ్బాయి గత ఏడాదే ఇండియా నుంచి వచ్చి ఏడో తరగతిలో చేరాడు. ఇంగ్లీషు అర్థమవుతుంది గాని ధారాళంగా మాట్లాడలేడు. మా స్కూలు నివేదికలో ఇంగ్లీషు నేర్చుకుంటున్న పిల్లల వరుస చూస్తే చాలా తక్కువగా ఉంది. అంటే ఈ స్కూలు అటువంటి పిల్లలను పట్టించుకోదనా? చేర్చేటప్పుడు ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడతామని రాయమని కొందరు సలహా ఇచ్చారు. అలా రాయకపోవడం పొరపాటైందా?
— ఒక తండ్రి, టెక్సాస్

జవాబు: మీరు చేసింది సరైన పని, దయచేసి దాన్ని మార్చుకోకండి. చేరేటప్పుడు నింపే హోమ్ లాంగ్వేజ్ సర్వేలో ఇంట్లో మాట్లాడే భాష ఇంగ్లీషు కాదని రాస్తే, స్కూలు పిల్లవాడి ఇంగ్లీషును పరీక్షించి, అవసరమైతే అదనపు బోధన ఇవ్వవలసి ఉంటుంది. అది వాడికి దక్కవలసిన హక్కు. తెలుగు మాట్లాడతామని రాస్తే పిల్లవాణ్ని తక్కువ తరగతిలో వేస్తారన్న భయం మనవాళ్లలో బాగా పాతుకుపోయింది. ఆ భయంతో ఇంగ్లీషు అని రాసి, ఆ సాయం లేకుండా ఏడాదంతా తరగతి వెనకవరుసలో మౌనంగా కూర్చున్న పిల్లలు నా తరగతుల్లోనే ఉన్నారు. సైన్సు ప్రశ్నకు జవాబు తెలిసి కూడా వాక్యం కూర్చుకోలేక చేయి దించేసిన ఒక పిల్లవాడి ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఇక ఆ వరుస సంగతి. టెక్సాస్‌లో ఆ పిల్లలను ఎమర్జెంట్ బైలింగ్వల్ అంటారు. వారి ఇంగ్లీషును ఏటా టెల్పాస్ అనే పరీక్షతో కొలుస్తారు. తగిన స్థాయి చేరిన పిల్లలను ఆ వర్గం నుంచి బయటకు పంపుతారు, వారి స్థానంలో కొత్తగా వచ్చినవాళ్లు చేరతారు. బాగా నేర్చుకున్నవాళ్లు ముందో వెనకో ఆ వరుసలోంచి వెళ్లిపోతారు కాబట్టి అది చాలా స్కూళ్లలో తక్కువగానే కనిపిస్తుంది. అందువల్ల ఆ వరుసలోని పాస్ శాతాన్ని మిగతా పిల్లలతో పోల్చడం సరికాదు. టెల్పాస్‌లో ఏటా ఒక స్థాయైనా పెరుగుతున్న పిల్లలు ఎందరు, ఆ వర్గం నుంచి బయటపడిన పిల్లలు తర్వాతి రెండు మూడేళ్లలో స్టార్ పరీక్షలో ఎలా రాశారు అన్నవి స్కూలును అడగండి. సమాధానం వెంటనే చెప్పగలిగిన స్కూలైతే వారు ఆ పిల్లలను పేరుపేరునా గమనిస్తున్నారని నమ్మవచ్చు. ఇంట్లో మాత్రం తెలుగు మానకండి. తెలుగులో ఆలోచించడం వచ్చిన పిల్లవాడికి ఇంగ్లీషు మాటలు అందుతాయి.

ప్రశ్న: మంచి స్కూలు పరిధి అని ఇల్లు కొన్నాక ఆ పరిధి మారిపోతే ఏం చేయాలి?
— ఒక పాఠకుడు

జవాబు: మారే అవకాశం నిజంగానే ఉంది. స్కూలు పరిధులను నిర్ణయించేది డిస్ట్రిక్ట్ బోర్డు. పిల్లలు పెరిగి కొత్త స్కూలు కట్టినా, తగ్గి పాత స్కూలు మూసినా ఆ గీతలను తిరిగి గీస్తుంది. ఇంటి ప్రకటనలో స్కూలు పేరు ఉండడం ఎటువంటి హామీ కాదు. కొనే ముందు ఆ చిరునామాతో డిస్ట్రిక్ట్ కార్యాలయాన్నే సంప్రదించి ఏ స్కూలు వస్తుందో రాతపూర్వకంగా తెలుసుకోండి. బోర్డు సమావేశాలు బహిరంగంగా జరుగుతాయి, వాటి పత్రాలు అందరికీ అందుబాటులో ఉంటాయి. గత ఏడాది పత్రాల్లో విద్యార్థుల సంఖ్య అంచనాలు, బడి భవనాల కోసం అప్పు తెచ్చే కొత్త బాండ్ల ప్రతిపాదనలు, సరిహద్దు కమిటీ ప్రస్తావన ఉన్నాయేమో చూడండి. ఇప్పటికే మారితే, ఆఖరి తరగతిలో ఉన్న పిల్లలను పాత స్కూల్లోనే పూర్తిచేయనివ్వడం కొన్ని డిస్ట్రిక్టుల్లో ఆనవాయితీ, కాబట్టి ఎనిమిదో తరగతికి వెళ్లబోయే పిల్ల ఉంటే ఆ దరఖాస్తు గడువు ఎప్పుడో ముందుగా అడగండి.